డీవీడీ కార్డుకు కుప్పయ్యన్నే సాక్షి

పూతలపట్టు క్రాసులో శకుంతలమ్మ టీ అంగడి దగ్గర బస్సు కోసం కూచున్నవాళ్లకు మునిరత్నం ఎదురుపడితే ఆ బస్సు పోయినట్టే. చిత్తూరు పోవాల్సినవాళ్లు కానీ, తిరుపతి పోవాల్సినవాళ్లు కానీ, ఆయన నోరు తెరిచాక లేచి వెళ్లడం కష్టం. అంతా కోతలేనని మాకు తెలుసు. తెలిసే కూచుంటాం. ఆ కోతల్లో ఎక్కడో ఒకచోట మన పేరు కూడా వస్తుందేమోనని లోపల ఆశ.

ఆ రోజు పొద్దున భానుచందర్ వాళ్ల నాయన కుప్పయ్యను చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి బెంచీ మీద కూచోబెట్టాడు. కుప్పయ్యను ఈ చుట్టుపక్కల ఎరగనివాళ్లు లేరు. మా ద్రౌపదమ్మ గుడి తిరునాళ్లలో భారతం ఆడిన ప్రతిసారీ అర్జునుడి వేషం ఆయనదే. గుడి ముందర తపస్సు మాను అని పొడుగాటి మాను ఒకటి నాటుతారు. అర్జునుడు పద్యాలు పాడుకుంటూ దాన్ని ఎక్కి, కొసన కూచుని తపస్సు చేసి, కింద తడిబట్టలతో కాచుకున్న ఆడవాళ్ల మీదికి విభూతి, నిమ్మకాయలు విసురుతాడు. నిమ్మకాయ ఒళ్లో పడితే కడుపు పండుతుందని నమ్మకం. కుప్పయ్య ఆ పైనించి పద్యం ఎత్తుకుంటే మైకు లేకుండా రోడ్డు దాకా వినపడేది. పోయిన ఏడాది పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. చెవులు బాగా వినపడతాయి, అన్నీ అర్థమవుతాయి, నవ్వుతాడు కూడా. మాట మాత్రం రాదు.

ఈసారి ఆ వేషం భానుచందర్ కట్టాలి. పద్యాలు నోటికి వచ్చు, కానీ వాళ్ల నాయన పాడే మెట్టు, ఆ బాణీ, పట్టుపడలేదు. నేర్పించాల్సిన మనిషికి నోరు లేదు. మేళానికి ఆట నేర్పే వాద్యారు బాలసుబ్రమణ్యం సాయంత్రం వచ్చి వింటానన్నాడు. కుప్పయ్య మెట్టు పలికితే వేషం భానుది, పలకకపోతే సత్యవేడు నుంచి వేరే ఆయన వస్తాడు. ఇంత కాలం ఇంట్లో ఉన్న వేషం గడప దాటి పోతుందని ఆ పిల్లవాడికి నిద్ర లేదు. కుప్పయ్య గొంతు ఇప్పుడు మిగిలి ఉన్నది ఒక్కచోటే, భాను చేతిలో ఉన్న డీవీడీలో. ఎప్పటిదో తిరునాళ్ల వీడియో అది. ఇంట్లో ప్లేయర్ చెడిపోయి ఏళ్లయింది. శకుంతలమ్మ కూతురు రాజశ్రీకి టీ అంగడి పక్కనే జిరాక్స్ అంగడి ఉంది, అందులో కంప్యూటర్ ఉంది. రాజశ్రీ చిత్తూరు నుంచి బస్సులో వస్తోంది. అంతదాకా ఆగాలి.

ఆగినవాడు ఊరికే ఆగకుండా భాను ఒక మాట అన్నాడు. కంప్యూటర్లో డీవీడీ ఆడాలంటే దాంట్లో వేరేగా ఒక కార్డు ఉండాలని ఎవరో చెప్పారట, రాజశ్రీ కంప్యూటర్లో ఉందో లేదో అని.

మునిరత్నం టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఎవురో సెప్పినారా? ఎవురో ఏందప్పా, ఆ మాటను ఈ జిల్లాకు తెచ్చిందే నేను. అప్పట్లో చిత్తూరులో నాకు కంప్యూటర్ రిపేరు అంగడి ఉన్నింది, నీకు తెలీదు, నువ్వప్పుడు లాగు ఏసుకోని తిరగతా ఉంటివి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ రాజారత్నం ఉండాడు సూడు, ఆయప్ప జిల్లాలో అందరికంటే ముందు డీవీడీ ఆడే కంప్యూటర్ కొన్నాడు. కొన్నాడు గానీ ఆడిస్తే ఏముండాది, మాట ముందు పోతాది, బొమ్మ ఎనక వస్తాది. హీరోయిను ఏడుపు ఇనపడి, ఆగిపొయ్యి, నవ్వు ఇనపడేటప్పుడు కండ్లల్లో నీళ్లు వస్తాయి. ఇంటిల్లిపాది నవ్వతా ఉండారు, ఆయప్పకేమో తల తీసేసినట్టు ఉండాది. నాకు కబురు పెట్టినాడు. నేను పోయి సూసినా. డీవీడీలో బొమ్మను గట్టిగా సుట్ట సుట్టి మడిసి పెట్టుంటారబ్బా, ఆడించేటప్పుడు దాన్ని ఇప్పల్ల. ఆ కాలం కంప్యూటర్‌కు ఉండే మెదడు రవ్వంత, అది దాని పని సేసుకునేదా, ఈ మడతలు ఇప్పతా కూసునేదా? అందుకని ఇప్పే పనికే వేరేగా ఒగ కార్డు ఏయల్ల. నేను రాత్రి బస్సుకు ఎలబారి మద్రాసు పోయి, రిచీ స్ట్రీట్లో అంగడంగడీ తిరిగి, ఆ కార్డు పట్టుకోని, ఎవురన్నా కొట్టేస్తారని అంగి లోపల పెట్టుకోని తెచ్చి బిగించినా. ఆ తర్వాత ఏమైందో తెల్సునా? బొమ్మా మాటా కలిసి నడిసినాయి."

ఇంతవరకు నిజమే అయి ఉండాలి. అప్పటి కంప్యూటర్లకు అలాంటి కార్డు వేసేవాళ్లని నేనూ విన్నాను. మునిరత్నం అక్కడ ఆపేసి ఉంటే మేం కూడా తలూపి మర్యాదగా బస్సెక్కి ఉండేవాళ్లం. కానీ ఆయనకు నిజంతో కడుపు నిండదు.

"కుప్పయ్యన్న నా పక్కనే ఉన్నాడు ఆ పొద్దు. ఏమన్నా, రాజారత్నం ఇంట్లో నువ్వు నా పక్కన కూసోనుంటివా లేదా?" అని కుప్పయ్య వైపు తిరిగాడు. కుప్పయ్య ఆయన్ను చూస్తూ ఉన్నాడు. "సూడండప్పా, లేదనలేదు."

లేదనడానికి ఆయనకు మాట ఎక్కడిది? మునిరత్నానికి ఆ సంగతి మా అందరికంటే బాగా తెలుసు. అందుకే ఆయన్ను సాక్షికి పెట్టుకున్నాడు.

"ఇంగ ఆ కార్డు సంగతి ఏం సెప్పేది. మద్రాసులో అమ్మినోనికి కూడా తెలీదు దాంట్లో ఏముండాదని. నేను దాని కాళ్లను రబ్బరుతో రుద్ది, రవ్వంత విభూతి పెట్టి, సరిగ్గా గూట్లో కూసోబెట్టినా. సినిమా ఏసినాం. సినిమాలో వాన పట్టుకునింది. అంతే, రాజారత్నం వాళ్లమ్మ లేసి మిద్దె మీదికి పరిగెత్తి ఎండేసిన వడియాలన్నీ లోపలికి తెచ్చేసుకునింది. ఆయమ్మే కాదు, ఆ ఈదిలో అందరూ తెచ్చేసుకున్నారు."

చిన్నబ్బ అక్కడే ఆటో ఆపుకుని కూచున్నాడు. మునిరత్నం కథలకు ఆజ్యం పోయడమే అతని పని. "వడియాలు తడిసినాయా మామా?" అని అడిగాడు.

"తడవలా. నేను అబద్ధం సెప్పను. కార్డు కొత్తది కద, అప్పటికింకా తడిపేంత బలం రాలా. ఒగ నెల వాడినాక వచ్చింది. అప్పుడింక రాజారత్నం వాన సినిమాలు పెట్టేదే మానుకున్నాడు, గోడలు సెమ్మ పడతా ఉండాయని. కావాలంటే పోయి ఆ ఇల్లు సూడండి, కంప్యూటర్ పెట్టిన గోడ ఇప్పుటికీ పాసి పట్టుండాది."

భానుచందర్‌కు వడియాలతో పని లేదు. రాజశ్రీ కంప్యూటర్లో ఆ కార్డు ఉంటుందా ఉండదా అని మళ్లీ అడిగాడు.

"యాడుంటాదబ్బా. ఈ కాలం కంప్యూటర్లలో ఏముంటాది, పైన మెరుపు తప్ప? ఒగ మాట సెప్తా ఇను, తొందరపడి ఆ డిస్కు దాంట్లో పెట్టబోకు. కార్డు లేని కంప్యూటర్ డిస్కును మింగి గీకి గీకి పారేస్తాది. ఇంగ మీ నాయన గొంతు నీకు జన్మలో దొరకదు. తిరునాళ్లు అయిపోనీ. నేనే మద్రాసు పోయి కార్డు తెచ్చి, దగ్గరుండి బిగించి, నింపాదిగా సూపిస్తా."

భాను ముఖం వాడిపోయింది. డీవీడీ కవరును రెండు చేతుల్తో పట్టుకున్నాడు. తిరునాళ్లు అయిపోయాక పద్యం నేర్చుకుని ఏం చేయాలి? ఆ మాట మునిరత్నంతో అనలేదు, వయసులో పెద్దవాడని. వాళ్ల నాయన వైపు చూశాడు. కుప్పయ్య రోడ్డు వైపు చూస్తున్నాడు, బస్సు కోసం.

మునిరత్నం అప్పటికే జపాన్ చేరుకున్నాడు.

"ఆ కార్డు తయారుసేసిన కంపెనీ జపాన్లో ఉండాది. ఆడికి సంగతి ఎట్ల పొయ్యిందో పొయ్యింది. టై కట్టుకున్నోళ్లు దిగినారు. యాడ దిగినారు? ఈడే, ఈ క్రాసులో. ఈ బెంచీ మీదే కూసున్నారు. శకుంతలొదిన అత్త వాండ్లకు టీ పోసింది. ఏమొదినా?"

శకుంతలమ్మ పాలు తిప్పుతూ, మా అత్త పోసిన టీ తాగి ఎవరెవరో పోయారు, జపానోళ్లు ఒక్కరే తక్కువ అంది.

"వాండ్లు నా సేతులు పట్టుకున్నారు. అయ్యా, మేం సేసేటప్పుడు దీంట్లో ఇంత పని ఉండాదని మాకే తెలీదు, మీరేం సేసినారో సెప్పండి అన్నారు. నేనన్నా, ఏం లేదు, విభూతి పెట్టినా అని. రాసుకున్నారు. ఆ తర్వాత ఏమైందో తెల్సునా? వాండ్ల కండ్ల ముందరే ఆ కార్డు స్పీడు ఎక్కేసింది. ముందేమో డిస్కు పెడితే బొమ్మ వచ్చేది. తర్వాత డిస్కు కవరు సూపిస్తే సాలు, వచ్చేసేది. ఆఖరికి మేం ఏ సినిమా సూడాలని అనుకుంటా ఉన్నామో అది వచ్చేసేది. రాజారత్నం పెండ్లాం ఒగటి అనుకుంటాది, ఆయప్ప ఇంగొగటి అనుకుంటాడు, దాంతో ఇంట్లో కొట్లాట. ఇది కాదప్పా పద్ధతి అని నేనే దాన్ని పీకి మా ఇంటికి తెచ్చుకున్నా. మా ఇంటామె పంకజాక్షి దాన్ని బియ్యం డబ్బాలో పెట్టింది. ఆ సంవత్సరం మా ఇంట్లో బియ్యానికి పురుగు పట్టలా."

అంతలో చిత్తూరు నుంచి తిరుపతి పోయే బస్సు ఆగింది, రాజశ్రీ దిగింది. సంచీ అమ్మకు ఇచ్చి, తాళం తీస్తూ, భాను చేతిలోని డిస్కు చూసి ఇలా తెమ్మంది. భాను కార్డు సంగతి చెప్పాడు. రాజశ్రీ నవ్వింది. "అది మా నాయన కాలం మాట. ఇప్పుడు కార్డూ వద్దు గీర్డూ వద్దు, అంతా కంప్యూటరే ఇప్పుకుంటాది. డిస్కు పెట్టే సొరుగు ఉంటే సాలు, నా దాంట్లో ఉండాది."

"వద్దమ్మా," అన్నాడు మునిరత్నం, "తెలిసినోన్ని సెప్తా ఉండా. గీకేస్తాది."

భాను లేచినవాడు మళ్లీ నిలబడిపోయాడు. ఒకవైపు సాయంత్రం వాద్యారు, ఒకవైపు ఉన్న ఒక్క డిస్కు. అది గీసుకుపోతే వేషం పోవడం మాట అటుంచి, నాయన గొంతే పోతుంది. అతనికి నిజంగా భయం వేసింది. అప్పుడు కుప్పయ్య, బాగున్న చేత్తో, కొడుకు మోచేతిని పట్టుకుని జిరాక్స్ అంగడి వైపు తోశాడు. గట్టిగానే తోశాడు. భాను ఇంకేం ఆలోచించకుండా లోపలికి పోయాడు.

"సరే పో. పొగ వస్తే కేకెయ్," అని మునిరత్నం మా వైపు తిరిగాడు. వినేవాళ్లలో ఒకరు తగ్గారని ఆయన గొంతు ఇంకాస్త పెంచాడు.

"ఇంతకీ ఆ డిస్కులో ఉండే బొమ్మ ఎవురు తీసినారని అనుకుంటా ఉండారు? నేనే. ఆ సంవత్సరం కెమెరా ఆయప్ప మానుకు కింద నిలబడి తీస్తానన్నాడు. కింద నించి తీస్తే ఏం కనపడతాదప్పా, అర్జునుడి అరికాళ్లు కనపడతాయి. ఇట్ల ఇయ్యి అని కెమెరా లాక్కోని కుప్పయ్యన్న కంటే ముందు నేను మాను ఎక్కేసినా."

చిన్నబ్బ అడ్డం పడ్డాడు. "మాను కొసన ఒగ మనిషికే కద సోటుంటాది మామా."

"అందుకే నేను కూసోలా. ఒగ సేత్తో కొస పట్టుకోని ఏలాడతా, ఇంగో సేత్తో కెమెరా పట్టుకోని తీసినా. కండ్లకు సెమట కారతా ఉండాది. తుడుసుకుందామంటే సెయ్యి లేదు. మజ్జలో కుప్పయ్యన్న ఒగ పద్యం మర్సిపోతే అందించింది కూడా నేనే. కింద జనానికి ఇనపడకుండా సెవిలో సెప్పినా. అన్నా, ఆ పొద్దు నేను అందించకపోతే నీ పరువు ఏమయ్యుండును? సెప్పు నువ్వే."

కుప్పయ్యకు నవ్వొచ్చింది. పెదవి ఒక పక్కకే లేచింది, కానీ అది నవ్వే.

"నవ్వతా ఉండాడు సూడండి. జ్ఞాపకం వచ్చింది. సాక్షి అంటే ఇట్లుండల్ల. సరే, తీసినాం, డిస్కు సేసినాం, గుడి ముందర తెర కట్టి ఊరంతటికీ సూపించినాం. ఎట్ల సూపించినాం? నా కార్డు ఏసి. బియ్యం డబ్బాలో నించి తీసి తుడిసి ఏసినా. కుప్పయ్యన్న తెర మీద మాను ఎక్కినాడు, పద్యం పాడినాడు, విభూతి సల్లినాడు, ముందర కూసున్నోళ్లకందరికీ తుమ్ములు. తర్వాత నిమ్మకాయ ఇసిరినాడు. ఆ నిమ్మకాయ తెర దాటుకోని గిరగిరా తిరగతా వచ్చి ఎవురి ఒళ్లో పడిందో తెల్సునా? శకుంతలొదిన ఒళ్లో. ఏడాది తిరక్కముందే రాజశ్రీ."

శకుంతలమ్మ గరిటె ఎత్తింది. "నా బిడ్డ మాట ఎత్తితే పాలు నెత్తిన పోస్తా సూడు. ఆ తిరునాళ్లకు రాజశ్రీ గుడి సుట్టూ పరిగెత్తతా ఉన్నింది. నేను దాని ఎనక పరిగెత్తతా ఉంటి."

మేమంతా ఇక్కడితో దొరికిపోయాడు అనుకున్నాం. మునిరత్నం తడుముకోలేదు.

"అదే వదినా నేను సెప్పేది. అంత స్పీడు కార్డు అది. నిమ్మకాయ కంటే ముందు బిడ్డ వచ్చేసింది."

చిన్నబ్బ టీ ముక్కుల్లోకి పోయి దగ్గాడు. తిరుపతి బస్సు హారన్ కొట్టింది, కండక్టర్ రెండుసార్లు పిలిచాడు. అందులో ఎక్కాల్సినవాళ్లలో నేనొకణ్ని. బస్సు వెళ్లిపోయింది.

"ఇంగ సెప్పేది సిన్న మాట కాదు, దగ్గరికి జరగండి. నిమ్మకాయ అయిపోయింది. అర్జునుడు తపస్సు ఎవురికి సేస్తాడు? శివునికి. ఎందుకు? పాశుపతాస్త్రానికి. మామూలు నాటకంలో అయితే ఆ అస్త్రం అట్టముక్కతో సేసి మెరుపు కాగితం అంటించి ఇస్తారు. తెర మీద కుప్పయ్యన్న ఆ అట్ట అస్త్రం సేతిలోకి తీసుకున్నాడు. నేను సూస్తా ఉండా. కార్డు ఎర్రగా కాలిపోతా ఉండాది. మామూలు కార్డు అయ్యుంటే ఎప్పుడో మంటలు లేసుండును. తెర మీద ఆ అట్టముక్క అంచులు తెల్లగా వెలిగినాయి. నాకు అర్థమైపొయ్యింది. కార్డు దాన్ని నిజం సేస్తా ఉండాదప్పా. అన్నకు తెలీదు, అన్న పాపం ఎయ్యబోతా ఉండాడు. జనానికి తెలీదు, సప్పట్లు కొడతా ఉండారు. ఆ పాశుపతం తెర దాటినాదంటే పూతలపట్టు ఉండదు, చిత్తూరు ఉండదు, ఈ రోడ్డు ఉండదు, మీరెవ్వురూ ఈడ కూసోని టీ తాగతా ఉండరు. ఏం సెయ్యల్ల? కరెంటు తీసేద్దామంటే కార్డు కరెంటు లేకపోయినా ఆడే స్థాయికి వచ్చేసింది. అప్పుడు నేను లేసి, కాళ్ల కింద మనుసుల్ని సూసుకోకుండా పరిగెత్తి, ఆఖరి నిమిషంలో పాజ్ నొక్కినా."

చూపుడువేలు పైకెత్తి మా అందరికీ ఒకరి తర్వాత ఒకరికి చూపించాడు.

"ఈ ఏలే. అస్త్రం తెరకు ఇంత దూరంలో ఆగింది. నాకు సన్మానం సేస్తామన్నారు, నేనే వద్దన్నా. నా కోసం సేసినానా, మీ కోసం సేసినా. ఆ పొద్దే కార్డు పీకి నీవా నదిలో పారేసినా. అది యాడుండాదో ఈ బూమ్మీద తెలిసింది ఇద్దరికే, ఒగటి నాకు, రెండు కుప్పయ్యన్నకు. ఏమన్నా, అవునా కాదా? మీరే సూడండి, ఆయన కాదన్నాడంటే ఈ క్షణం నించి నేను నోరు తెరిస్తే ఒట్టు."

జిరాక్స్ అంగడి లోపలినించి డప్పుల శబ్దం వచ్చింది.

ముందు ఎవరో రోడ్డు మీద పోతున్నారనుకున్నాం. తర్వాత జనం గోల, పిల్లల ఏడుపులు, హార్మోనియం వినపడ్డాయి. అన్నీ ఒకేసారి, ఎక్కడా తడబడకుండా. శకుంతలమ్మ స్టవ్ తగ్గించింది. ఆ గోల మీద నించి, ఎత్తున ఎక్కడినించో, ఒక గొంతు దిగింది. ఏడాదిగా మేమెవరం వినని గొంతు. బెంచీ మీద కుప్పయ్య నిటారుగా కూచున్నాడు.

అది పద్యం కాదు. అర్జునుడు తపస్సు మధ్యలో ఆపి కిందికి అరుస్తున్నాడు.

"ఒరే మునిరత్నం, యాడ సచ్చినావురా. నిమ్మకాయల సంచి తలకింద పెట్టుకోని పందిట్లో పండుకోనుండావంట. ఆడోళ్లు తడిగుడ్డలతో ఎంతసేపు కాసుకోనుంటార్రా. ఎవురన్నా వాన్ని లేపి ఆ సంచి నేను దించిన తాడుకు కట్టండప్పా. నేను దిగొస్తే వాని సంగతి సూస్తా."

డీవీడీలో జనం ఘొల్లుమన్నారు. ఇక్కడ మేం మాత్రం వెంటనే నవ్వలేకపోయాం. మాట పడిపోయిన మనిషి గొంతు విని ముందు కళ్లు తడిశాయి, తర్వాత నవ్వొచ్చింది, అది వచ్చాక ఆగలేదు. చిన్నబ్బ బెంచీ మీద నించి లేచి నిలబడి మరీ నవ్వాడు.

"సాక్షి మాట్లాడేసినాడు మామా," అన్నాడు.

కుప్పయ్య కూడా నవ్వుతున్నాడు. భుజాలు ఊగుతున్నాయి. మునిరత్నం వేలు ఇంకా గాల్లోనే ఉంది. మెల్లగా దించుకుని తుండుగుడ్డతో తుడుచుకున్నాడు.

అంతలో అసలు పద్యం మొదలైంది. మేమందరం నవ్వు ఆపి జిరాక్స్ అంగడి వైపు తిరిగాం. కుప్పయ్య గొంతు కింద నించి ఎత్తుకుని, మధ్యలో ఒకచోట ఎవరూ అనుకోనట్టు ఆగి, ఒక్కసారిగా పైకి లేచింది. భాను రోజూ తప్పుతున్నది అక్కడే అని తర్వాత తెలిసింది. పద్యం అయిపోయింది, రాజశ్రీ వెనక్కి జరిపింది, మళ్లీ వచ్చింది. ఈసారి దాని కింద ఇంకో గొంతు, సన్నగా, భయపడుతూ. మూడోసారి ఆ చిన్న గొంతు కూడా సరిగ్గా ఆ చోట ఆగి పైకి లేచింది. కుప్పయ్య బాగున్న చేత్తో బెంచీ మీద తాళం వేస్తున్నాడు. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. సాయంత్రం వాద్యారు వచ్చి వింటే వినొచ్చు. ఆ వేషం ఆ ఇల్లు దాటి పోదని మాకు అక్కడే తెలిసిపోయింది.

మునిరత్నం కూడా అంతసేపూ కదలకుండా విన్నాడు. పద్యం ఆగాక గొంతు సవరించుకున్నాడు.

"ఇన్నారా? అంత జనంలో, మాను కొసన కూసోని, తపస్సు మజ్జలో ఆపి, పేరు పెట్టి పిలిసింది నన్ను ఒగన్నే."

శకుంతలమ్మ ఆయన చల్లారిన టీ పారబోసి వేడిగా ఇంకో గ్లాసు చేతికి ఇచ్చింది.

"ఇన్నాంలేప్పా. కార్డు ఎయ్యకనే ఇంత బాగా ఇనపడింది. ఇంగ కార్డు కూడా ఏసుంటే నీ గురక ఇనపడుండును."